తిరుపతిలో కొత్త ఫ్లాట్‌లోకి దిగేవాళ్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

2021 వేసవిలో మేం అవిలాల వైపు ఒక కొత్త అపార్ట్‌మెంట్‌లో దిగాం. ఐదు అంతస్తులు, ఇరవై ఇళ్లు. అప్పట్లో వంటింటి కిటికీ తీస్తే శెనక్కాయ చేను కనిపించేది. ఇప్పుడు అదే కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ వాళ్ల వాషింగ్ మెషీన్ కనిపిస్తోంది. పేరూరు, చెర్లోపల్లి, తుమ్మలగుంట, మంగళం, కరకంబాడి రోడ్డు, ఎటు పోయినా ఇదే పరిస్థితి. అసోసియేషన్ పనులు చూస్తుంటాను కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు నన్నే అడుగుతుంటారు. వాళ్లు ఎక్కువగా అడిగేవి, అడగకపోయినా తెలుసుకుని తీరాల్సినవి ఇక్కడ రాస్తున్నాను.

అడ్రస్‌లో తిరుపతి అనే ఉంది. మరి పంచాయతీ అంటున్నారేంటి?

తిరుపతి 2007లో కార్పొరేషన్ అయింది. కానీ ఊరు పెరిగినంత వేగంగా హద్దు పెరగలేదు. మేం దిగేనాటికి అవిలాల, తిరుచానూరు, పేరూరు అన్నీ తిరుపతి రూరల్ మండలంలో పంచాయతీలే. రోడ్డుకు ఒక పక్క కార్పొరేషన్, ఇంకో పక్క పంచాయతీ ఉన్న చోట్లు చాలా ఉన్నాయి. ఇది తెలుసుకోకపోతే నెలల తరబడి తప్పు ఆఫీసు చుట్టూ తిరుగుతాం. వీధిలైటు, కాలువ పూడిక, చెత్త బండి, కుళాయి కనెక్షన్, ఇంటి పన్ను అన్నీ దీన్నిబట్టే ఉంటాయి. హద్దులు మారుతుంటాయి కాబట్టి నోటి మాట నమ్మకండి. ఇంటి పన్ను రసీదు మీద ఎవరి పేరు ఉందో చూడండి. మీ గ్రామ లేదా వార్డు సచివాలయం ఏదో కూడా మొదటి వారంలోనే కనుక్కోండి. సగం పనులు అక్కడే అయిపోతాయి.

నీళ్లు ఎలా ఉంటాయి?

అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. అయినా చాలామంది దిగిన తర్వాత అడుగుతారు.

తిరుపతికి కుళాయి నీళ్లు రెండు వైపుల నుంచి వస్తాయి. ఒకటి చంద్రగిరి దగ్గరి కళ్యాణి డ్యామ్, రెండోది తెలుగుగంగ. కళ్యాణి డ్యామ్ తిరుమలకు కూడా నీళ్లివ్వాలి. శివార్లలోని అపార్ట్‌మెంట్లలో చాలా వాటికి బోరే దిక్కు. మా బోరు కార్తీకంలో ధారగా పోస్తుంది. మే నెల వచ్చేసరికి పది నిమిషాలు పోసి గాలి కక్కుతుంది. అందుకే ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు వాచ్‌మన్‌ని ఒక్కటే అడగండి: "పోయిన ఎండాకాలం వారానికి ఎన్ని ట్యాంకర్లు దింపారన్నా?" ఓనరు చెప్పని సంగతి ఆయన చెబుతాడు.

బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఇంకో ఇబ్బంది. షవర్ రంధ్రాలు మూడు నెలల్లో తెల్లగా పూడుకుపోతాయి. మా గీజర్ రాడ్ విప్పి చూస్తే దాని చుట్టూ వేలు మందాన సున్నం గట్టుకుని ఉంది, గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కందిపప్పు ఆ నీళ్లలో ఎన్ని విజిల్స్ వచ్చినా మెత్తబడదు. వంటకు, తాగడానికి క్యాను నీళ్లో ప్యూరిఫయర్ నీళ్లో వాడక తప్పదు. ప్యూరిఫయర్ వదిలేసే నీళ్లను బకెట్‌లో పట్టి బాత్‌రూమ్ కడగడానికి వాడుకోండి. మా బిల్డింగ్‌లో అందరం అలాగే చేస్తున్నాం. ఎండాకాలంలో ఆ బకెట్లే మమ్మల్ని ఆదుకుంటాయి.

సంపును ఆరు నెలలకోసారి కడిగించండి. అయితే జోరువానల రోజుల్లో మాత్రం ఖాళీ చేయించొద్దు. 2021 నవంబరు వరదలప్పుడు ఎమ్మార్‌పల్లి కృష్ణానగర్‌లో ఒక ఇంటివాళ్లు సంపు కడుగుతుంటే, సిమెంటు వరలతో కట్టిన ఆ సంపు నేలలోంచి నిలువునా పైకి లేచింది. జనం వింత అని తండోపతండాలుగా చూడ్డానికి వచ్చారు. నేల పూర్తిగా నానిపోయి ఉన్నప్పుడు ఖాళీ సంపు పడవలా తేలిక. అడుగున ఉన్న నీళ్లు దాన్ని పైకి తోసేస్తాయి. సంపులో నీళ్లుంటే ఆ బరువే దాన్ని కిందికి పట్టి ఉంచుతుంది.

వానాకాలంలో మా వీధిలో నీళ్లు నిలుస్తాయా?

చాలా ఊళ్లలో వానాకాలం అంటే జూన్, జులై. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఎండాకాలంలో ఇల్లు చూసి అడ్వాన్స్ ఇచ్చేవాళ్లకు ఈ సంగతి అంతుపట్టదు. మాకూ పట్టలేదు.

2021 నవంబరు 18 రాత్రి మా సెల్లార్‌లో మోకాటి లోతు నీళ్లు వచ్చాయి. తెల్లారేసరికి బైకుల సీట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. మోటారు కాలింది, లిఫ్టు ఆగింది, రెండు రోజులు కరెంటు లేదు. మూడో అంతస్తులోని పెద్దాయనకు మందులు తేవడానికి పిల్లలు నడుంలోతు నీళ్లలో నడిచి వెళ్లారు. ఆ రోజు ఎదురింటి అవ్వ తన మిద్దె మీద నిలబడి చెప్పిన మాట నాకింకా చెవిలో ఉంది. "మీ గోడ కాడనే కాలవ ఉండె నాయనా. చెరువు మొరవ పోతే నీళ్లు ఇట్నే పోవాల. దావ మూసేస్తే అవి యాడికి పోతాయి?"

మొరవ అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లి పోయే చోటు. అవ్వ ఆ మాట మా బిల్డింగ్ కట్టేటప్పుడే చెప్పిందట. కట్టినవాళ్లు వినలేదు. తర్వాత మేమే డబ్బులు పోగేసి వెనక ప్రహరీకి అడుగున రెండు చోట్ల గండి కొట్టించి, ఇనుప జాలీ పెట్టించాం. పూడిపోయిన కాలువను రోడ్డు దాకా తవ్వించాం. ఆ తర్వాత మిచౌంగ్ తుపాను 2023 డిసెంబరులో వచ్చినప్పుడు సెల్లార్‌లోకి చెంబెడు నీళ్లు కూడా రాలేదు.

కాబట్టి మీ వీధి పేరులో, పాత సర్వే నంబర్లలో, పెద్దవాళ్ల మాటల్లో గుంట, చెరువు, కాలువ, మొరవ అనే పదం వినబడితే ఆగి కనుక్కోండి. పాత ఇళ్ల అరుగులు ఎంత ఎత్తున కట్టారో చూడండి. ఆ ఊరివాళ్లకు నీళ్లు ఎంతవరకు వస్తాయో తెలుసు కాబట్టే అంత ఎత్తు కట్టుకున్నారు.

ఇంకొక్క మాట. రైల్వే అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలిచి ఉంటే బండి దింపొద్దు, ఎంత తొందరున్నా సరే. 2021 అక్టోబరులో అలా నీళ్లలో చిక్కుకున్న వాహనంలో కొత్త పెళ్లికూతురు ప్రాణం పోయింది. పది నిమిషాలు ఆలస్యమైనా చుట్టూ తిరిగి ఇంటికి చేరండి.

కరెంటు మీటరు ఓనరు పేరు మీదే ఉంది. మార్చుకోవాలా?

అద్దెకు ఉంటే అక్కర్లేదు. సర్వీస్ నంబరు రాసుకుని, దిగిన రోజు రీడింగ్ ఫొటో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. కొనుక్కుంటే మాత్రం రిజిస్ట్రేషన్ అయిన వెంటనే మీ పేరు మీదకు మార్పించండి. మనకు కరెంటు ఇచ్చే సంస్థ ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. కరెంటు పోయినా, వైరు తెగిపడినా 1912కి ఫోన్ చేయండి. లిఫ్టుకు, మోటారుకు వేరే మీటరు ఉంటుంది. దాని బకాయి ఏమైనా ఉందేమో అసోసియేషన్‌ని ముందే అడగండి.

గ్యాస్?

పాత ఊళ్లో కనెక్షన్ సరెండర్ చేసి కాగితం తెచ్చుకుంటే ఇక్కడ మీ ఏరియా ఏజెన్సీలో రెండు మూడు రోజుల పని. ఆ కాగితం పోగొట్టుకోకండి.

ఆధార్‌లో అడ్రస్ మార్చుకుంటే లోకల్ దర్శనం వస్తుందా?

కొత్తగా వచ్చినవాళ్లు పాలు పొంగించక ముందే ఇది అడుగుతారు. అందులో తప్పేమీ లేదు. కొండ కింద కాపురం పెట్టాక స్వామిని చూడాలని ఎవరికుండదు!

టీటీడీ 2024 డిసెంబరు నుంచి స్థానికులకు మళ్లీ దర్శనం కల్పిస్తోంది. నెలలో మొదటి మంగళవారం. తిరుపతి అర్బన్, తిరుపతి రూరల్, చంద్రగిరి, రేణిగుంట మండలాల్లో, తిరుమలలో ఉండేవాళ్లకు ఇది వర్తిస్తుంది. ఆధార్‌లో ఇక్కడి అడ్రస్ ఉండాలి. టోకెన్లు ఎప్పుడు, ఎలా ఇస్తారన్నది ఎప్పటికప్పుడు టీటీడీ ప్రకటన చూసుకోండి.

అడ్రస్ మార్చడానికి అద్దెకున్నవాళ్లు ఎక్కువగా అద్దె అగ్రిమెంటు పెడతారు. ఇక్కడ అందరూ పదకొండు నెలలకే రాసుకుంటారు. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ చేయించాలన్న అభిప్రాయంతో ఆ అలవాటు వచ్చింది. ఆధార్ పనికి మాత్రం రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు ఉంటే ఏ పేచీ ఉండదు. అడ్వాన్స్ ఇవ్వకముందే ఓనరుతో ఈ సంగతి మాట్లాడుకోండి, తర్వాత అడిగితే మొహమాటాలు వస్తాయి. ఇంట్లో ఒకరికి అడ్రస్ మారితే, కుటుంబ పెద్ద ఆధారంగా మిగతావాళ్లకు మార్చుకునే వీలుంది.

అగ్రిమెంటులో పెయింట్ ఖర్చు ఎవరిది, ఖాళీ చేసేటప్పుడు ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్నవి రాయించుకోండి. గోడల మీద ఉన్న మరకలన్నీ దిగిన రోజే ఫొటో తీసి పెట్టుకోండి.

కొంటున్నాం. ఏ కాగితాలు చూడాలి?

ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు) ఎలాగూ లాయరు చూస్తాడు. మన ఊరికి సంబంధించి ఇంకొక జాగ్రత్త ఉంది. తిరుపతి చుట్టుపక్కల మఠం భూములు, దేవాదాయ భూములు, చెరువు పోరంబోకు (చెరువుకు చెందిన ప్రభుత్వ భూమి) చాలా ఎక్కువ. ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ కుదరని భూముల జాబితా) ఉందేమో మీరే స్వయంగా చూసుకోండి. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఇచ్చిన ప్లాన్‌లో ఎన్ని అంతస్తులు ఉన్నాయి, కట్టినవి ఎన్ని, ఓసీ (ఇంట్లో దిగొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చిందా, ఈ మూడూ సరిపోవాలి.

ఎనిమిది ఇళ్లు మించినా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా ప్రాజెక్టుకు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే స్థలం, ఎంతో కాగితం మీద రాసివ్వాలి. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే కట్టినవాళ్లే సొంత ఖర్చుతో బాగుచేయాలి. ఇది చట్టం ఇచ్చిన హక్కు, బతిమాలుకోవాల్సిన పని లేదు. మా పై అంతస్తులో స్లాబు కారితే మొదట ఆర్నెల్లు "చూస్తాం, చేస్తాం" అన్నారు. ఫొటోలతో, తేదీలతో రాతపూర్వకంగా ఇచ్చాక పది రోజుల్లో మనుషులొచ్చారు.

మెయింటెనెన్స్ ఎక్కువ అనిపిస్తోంది. తగ్గించమని అడగొచ్చా?

లెక్క అడగండి. నెల నెలా జమా ఖర్చులు నోటీసు బోర్డు మీద ఉంటే ఎవరికీ టెన్షన్ ఉండదు. కానీ తగ్గించమని పట్టుబట్టే ముందు వాచ్‌మన్ కుటుంబానికి జీతం ఎంత ఇస్తున్నారో కనుక్కోండి. చాలా చోట్ల మొదట కోత పడేది అక్కడే, అది నాకు ఒప్పుకోబుద్ధి కాదు. రాత్రి రెండింటికి మోటారు ఆపేదీ, వాన పడితే సెల్లార్‌లో బండ్లు జరిపేదీ ఆ కుటుంబమే.

ఇక్కడి మాట సగం అర్థం కావడం లేదు. ఏం చేయాలి?

గోదావరి జిల్లాల నుంచి, హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు మొదటి వారం అంగట్లో తికమక పడతారు. ఉర్లగడ్డ అంటే బంగాళాదుంప. ఎర్రగడ్డ ఉల్లిపాయ, తెల్లగడ్డ వెల్లుల్లి. టెంకాయ అంటే కొబ్బరికాయ. పొరక అంటే చీపురు, కసువు ఊడ్చడం అంటే చెత్త ఊడ్చడం. "మిద్దె మీద ఉండాడు" అంటే పైన ఉన్నాడని. ఆటో ఆయన "యాడికి సామీ?" అంటే మిమ్మల్ని ఎగతాళి చేస్తున్నాడనుకోకండి. కొండకొచ్చే భక్తులందర్నీ సామీ అని పిలిచిన నోరు అది, ఊళ్లోవాళ్లనూ అలాగే పిలుస్తుంది. తమిళం కూడా చాలామందికి వస్తుంది.

చలికాలంలో అనపకాయలు వస్తాయి. అంటే సొరకాయలు కాదు, చిక్కుడు జాతి కాయలు. తొక్క తీసి, గింజ నానబెట్టి, పితికి చేసే పితికిపప్పు కూర ఎవరైనా గిన్నెలో పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకండి. సంగటి, ఊరిబిండి (వేరుశెనగల పచ్చడి) కూడా ఇక్కడే నేర్చుకోండి.

మాంసం వండుకోవచ్చా?

మాంసం, మద్యం నిషేధం తిరుమల కొండ మీద. కింద ఊళ్లో ఎవరి వంట వాళ్లదే. కొందరు ఓనర్లు శాకాహారులకే ఇస్తామంటారు. ఇల్లు నచ్చాక, అడ్వాన్స్ ఇవ్వకముందు నిజం చెప్పేయండి. దాచి దిగితే రోజూ కిటికీలు మూసుకుని వండుకోవాల్సి వస్తుంది, ఆ కాపురం ఏం బాగుంటుంది?

చుట్టాలు వస్తూనే ఉంటారట, నిజమేనా?

నిజమే. తిరుపతిలో ఇల్లు అంటే చుట్టాలందరికీ ఇల్లే. పదేళ్లుగా మాట్లాడని పెదనాన్న కొడుకు కూడా ఫోన్ చేస్తాడు. నాకైతే ఇది బరువుగా అనిపించలేదు. తెల్లవారుజామున మూడింటికి పిల్లలకు స్నానాలు పోసి, నిద్రమత్తులో ఉన్నవాళ్లను ఎత్తుకుని అలిపిరికి బయల్దేరడం, సాయంత్రం నున్నటి గుండ్లతో, లడ్డూ సంచులతో తిరిగి రావడం, ఆ సందడి వేరే ఏ ఊళ్లో ఉంటుంది?

కాకపోతే కొన్ని ముందే స్పష్టంగా చెప్పండి. ఇక్కడ ఉన్నంత మాత్రాన మనకు టికెట్లు దొరకవు. 300 రూపాయల టికెట్లు ఆన్‌లైన్‌లో వాళ్లే ముందుగా బుక్ చేసుకోవాలి. ఉచిత దర్శనం టోకెన్లు బస్టాండ్ దగ్గర శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదుట విష్ణునివాసం, అలిపిరిలో భూదేవి కాంప్లెక్స్ దగ్గర ఇస్తారు. ప్రతి ఒక్కరూ ఆధార్ తెచ్చుకోవాలి. టెంపో ట్రావెలర్‌లో వస్తే బండి ఎక్కడ పెట్టాలో వాచ్‌మన్‌కి ముందు చెప్పండి. ఎండాకాలంలో పదిమంది దిగుతుంటే అసోసియేషన్‌కు ఒక మాట చెప్పండి, ఇంకో ట్యాంకరు తెప్పించుకోవచ్చు.

బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, తిరుచానూరు పంచమి తీర్థం రోజుల్లో ఆసుపత్రి, రైలు లాంటి పనులుంటే గంట ముందు బయల్దేరండి. శ్రీనివాస సేతు 2023లో పూర్తిగా తెరిచాక బస్టాండ్, లీలామహల్ వైపు కొంత ఊరట వచ్చింది.

గంగమ్మ జాతరకు మేం ఏం చేయాలి?

మే నెలలో వస్తుంది. తాతయ్యగుంట గంగమ్మ మన ఊరి తల్లి, శ్రీవారికి చెల్లెలు. అవిలాల నుంచి కైకాల కులస్తులు సారె తెచ్చాక చాటింపు వేస్తారు. చాటింపు విన్న ఊరివాళ్లు జాతర ముగిసేదాకా రాత్రి పూట పొలిమేర దాటి ఉండకూడదని నమ్మకం. ఆ వారంలో పనిమనిషి సెలవు అడిగితే కాదనకండి.

బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, రోజుకొక వేషం. వేషం కట్టినవాళ్లు వీధిలో బూతులు తిడతారు. మా ఎదురు ఫ్లాట్‌లోకి కొత్తగా వచ్చిన అబ్బాయి మొదటి ఏడాది కోపంతో గేటు దాకా వెళ్లాడు. అది మొక్కు, ఆ తిట్టు అమ్మవారి పేరున తిట్టేది, ఎవరికీ తగలదు. మరుసటి ఏడాది అదే అబ్బాయి తన కొడుక్కి చీర కట్టించి, పసుపు రాసి, వేపమండ చేతికిచ్చి గుడికి తీసుకెళ్లాడు. గేటు దగ్గర ఒక బిందె అంబలి పెట్టండి, మజ్జిగ, ఎర్రగడ్డ వేసి. వచ్చేపోయేవాళ్లు తాగి పోతారు.

చెత్త, కుక్కలు, పాములు?

తడి, పొడి వేరు చేసి బండికే ఇవ్వండి. ఖాళీ ప్లాటులో వేస్తే కుక్కలు అక్కడే చేరతాయి, ఎలుకలు వస్తాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి. చేలు చదును చేసిన కొత్తల్లో పాములు కనబడడం మామూలే. చెప్పులు, బూట్లు దులిపి వేసుకోండి. కొండ పక్కన, యూనివర్సిటీ వైపు ఉండేవాళ్లు చిరుతపులి గురించిన హెచ్చరికలను తేలిగ్గా తీసుకోవద్దు. చీకటి పడ్డాక పిల్లలను ఒంటరిగా వదలకండి.

పాలు పొంగించే రోజు ఎవరిని పిలవాలి?

ఫ్లాట్లవాళ్లను ఎలాగూ పిలుస్తారు. వీధిలో ముందునుంచీ ఉన్నవాళ్లను కూడా పిలవండి. ముందురోజు సాయంత్రం కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్లండి. వాట్సాప్‌లో పిలిస్తే వాళ్లు రారు. మేం దిగినప్పుడు ఈ పని చేయలేదు. వరద వచ్చాకే ఎదురింటి అవ్వ గుమ్మం ఎక్కాం. అది ఇప్పటికీ నాకు బాధే.

మా కింది ఫ్లాట్‌లోకి కొత్త జంట వచ్చినప్పుడు నేనే వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి పిలిపించాను. అవ్వ కొంగులో అనపకాయలు మూటగట్టుకుని వచ్చింది. ఇల్లంతా చూసి, బయటికొచ్చి, లిఫ్టు తలుపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. "మా బాయి ఈడనే ఉండె నాయనా. ఎంత ఎండలోనైనా మూడు బారల్లో నీళ్లు అందేవి" అంది. లిఫ్టు గుంతలో ఏటా కార్తీకంలో నీళ్లు ఎందుకు ఊరుతున్నాయో ఇద్దరు ఇంజినీర్లను పిలిచినా తేలలేదు, ఆ రోజు తేలింది. ఇప్పుడు అక్టోబరు మొదటి వారంలోనే గుంతలో చిన్న పంపు దింపి, ఆ నీళ్లను పైపుతో వెనక కాలువలోకి వదులుతున్నాం.